చెల్లి సహాయం తెరిచిన రోజు

ఆఫీసులో ఆమెని అందరూ చెల్లి అనే పిలిచేవారు. పక్క కుర్చీ సొంత అక్కది కాబట్టి ఆ పిలుపు. అక్క పోయి నెల దాటినా పిలుపు మాత్రం పోలేదు. చెల్లి ఏడవలేదు. ఏడవలేదని చుట్టాలు మూతులు తిప్పారు. తిప్పుకోనీ, ఎవరి మూతి వాళ్లది. ఆమెకి లోపలంతా మొద్దుబారిపోయింది. తిన్నా రుచి లేదు, తినకపోయినా ఆకలి లేదు.

వాళ్ల కంపెనీ లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాస్తుంది. కొత్త లిఫ్టుతో చిక్కొచ్చి పడింది. రెండంతస్తుల మధ్య ఉండగానే తలుపు తెరుచుకుంటోంది. తలుపు మూసి ఉందో తెరిచి ఉందో చెప్పే అంకె ఒకటుంది. దాన్ని ప్రోగ్రాములో ఏ లైను మార్చేస్తోందో తేలడం లేదు.

మేనేజరు పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. "సాయంత్రానికి తేల్చమ్మా. లేదంటే ఈ పని వేరేవాళ్లకిచ్చి నిన్ను ఫోన్లెత్తే సెక్షన్‌లో పడేస్తారు. నా చేతిలో ఏం లేదు."

"సరే సార్."

తప్పులు వెతికే ప్రోగ్రాము తెరిచింది. తెర నిండా బొమ్మల బటన్లు. వాటిలో ఆమెకి తెలిసినవి రెండే. ఒకటి నడిపిస్తుంది, ఇంకొకటి లైను లైనుకీ ఆపుతూ పోతుంది. మిగతావన్నీ ఇన్నేళ్లూ అక్కే నొక్కేది. పైన చివర 'సహాయం' అని ఒక మాట ఉంది. ఆ ఆఫీసులో దాని జోలికి పోయినవాడు నవ్వులపాలే. తెలియనిది అక్కని అడగాలి, అదీ అక్కడి పద్ధతి. "నేనుండగా దాంతో నీకేం పనే?" అనేది అక్క. అడిగించుకోవడమంటే ఆవిడకి మహా ఇష్టం.

చెల్లి లైను వెంట లైను నడిపిస్తూ కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. ఎదురు సీటు కబుర్లాయన తొంగి చూశాడు.

"ఈ నడకతో నువ్వు రిటైరయ్యేలోపు వీధి చివరికి చేరతావు చెల్లెమ్మా."

"మీరు ముందెళ్లండన్నయ్యా, వెనకే వస్తా," అంది తల తిప్పకుండా.

తరవాత సహాయం నొక్కింది. ఖాళీ గడి వచ్చింది. 'అక్కా, ఇది ఎక్కడ మారుతోందే' అని కొట్టింది. ఏమీ దొరకలేదని వచ్చింది. తుడిచేసి, 'విలువ మారితే ఆపడం' అని కొట్టింది. ఈసారి పేజీ తెరుచుకుంది. అంకె మీద కుడి క్లిక్కు చేసి 'మారగానే ఆగు' ఎంచుకుంటే, మార్చిన లైను దగ్గర ప్రోగ్రాము తనే ఆగుతుందట. ఇంతే. ఈపాటి ముక్కకే అక్క కళ్లజోడు సర్దుకుని, "లే, నీవల్ల కాదు," అని కుర్చీలోంచి లేపేది. చెల్లికి కోపం రావాలి. రాలేదు.

పేజీలో ఉన్నట్టే చేసింది. ప్రోగ్రాము టక్కున ఒక లైను దగ్గర ఆగింది. లిఫ్టు ఆగిందో లేదో చూసుకోకుండానే తలుపు తీయమంటోంది ఆ లైను. రాసినవారి పేరు పక్కనే ఉంది. అక్క పేరు.

సరిచేసి మేనేజర్ని పిలిచింది.

"ఎవరి నిర్వాకం ఇది?"

"అక్కది."

"ఆవిడ తప్పు రాయడమా?"

"రాసింది సార్. నడిపి చూడండి."

మళ్లీ మళ్లీ నడిపి చూశాడు. అంతస్తుల మధ్య తలుపు తెరుచుకోలేదు. "సరే, నీ సీట్లో నువ్వుండు," అని వెళ్లిపోయాడు.

కబుర్లాయన గొంతు తగ్గించాడు. "పోయినావిడ మీదకెందుకు నెట్టడం? ఏదో పాత పొరపాటంటే సరిపోయేదిగా."

"ఆ తలుపులోంచి మనుషులు పడతారన్నయ్యా. ఇంకెక్కడెక్కడ ఇలా రాసిందో చూడాలి."

అక్క రాసినవన్నీ బయటికి తీసి, మొదటిది తెరిచింది.