ఒకే చేతి మీద రెండు కార్లు

పదమూడో ఏట ఆన్సెల్మ్ కుర్తియాల్‌ని ఫ్రాన్సులోని సెంట్ ఎతియెన్‌లో ఒక తుపాకుల మేస్త్రీ దగ్గర పనికి పెట్టారు. మొదటి ఏడాదంతా ఒక్కటే పని. ఇనుప దిమ్మని ఆకురాయితో రాకి చదును చెయ్యాలి. మేస్త్రీ దాని మీద తిన్నని ఇనుప బద్ద ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసేవాడు. సందులో వెలుతురు కనిపిస్తే దిమ్మ చెత్తలోకి పోయేది. వెలుతురు కనిపించని రోజు రావడానికి పదకొండు నెలలు పట్టింది.

1899లో అతను ఆ ఊరి లోయలోనే ఉన్న రోస్తాన్ షెడ్డుకి మారాడు. రోస్తాన్ సైకిళ్ళు కట్టి, ఆ మోజు తీరక కార్లలోకి దిగిన మనిషి. పన్నెండు మంది పనివాళ్ళు, నెలకి రెండు కార్లు. లేత్ మీద నుంచి వచ్చిన ప్రతి ముక్కనీ కాస్త లావుగా ఉంచేవాళ్ళు. ఆన్సెల్మ్ ఇరుసుకి నీలిరంగు పూసి, గేరు పళ్ళచక్రం ఎక్కించి, మళ్ళీ తీసి, నీలం అంటిన చోట మాత్రమే ఆకురాయితో రెండు దెబ్బలు వేసేవాడు. ఇలా ఇరవై సార్లు, ముప్పై సార్లు. రెండూ కుదిరాక వాటి మీద ఆ కారు నెంబరు కొట్టేవాడు. ఇక అవి ఒకదానికొకటే. పక్క కారుకి పట్టవు. షెడ్డులో ఎవరూ దాన్ని లోపమనుకోలేదు. పనితనమంటేనే అదనుకున్నారు.

1909కి పెద్ద ఫ్యాక్టరీల కార్లు చవకై రోస్తాన్ కార్లు అడిగేవాళ్ళు కరువయ్యారు. అప్పుడు లియోన్ నుంచి ఒక టాక్సీల కంపెనీ ఉత్తరం రాసింది. నలభై కార్లు కావాలి, ఒక్కటే షరతు. రెండు కార్లు తెచ్చి, వాటిని తమ ఎదుటే విప్పి, ముక్కలన్నీ కలిపేసి, ఆకురాయి ముట్టకుండా పానాలతోనే మళ్ళీ బిగించి చూపించాలి. ఆ ఆర్డరు రాకపోతే చలికాలంలోపు షెడ్డు మూతే. ఆన్సెల్మ్‌కి అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. ఇంట్లో భార్య లియొనీ, ఎనిమిది నెలల పాప ఉన్నారు.

లేత్ మీద పనిచేసే ఫిర్మేన్ ఆన్సెల్మ్‌తో ఒక మాట అన్నాడు.

"బాబాయ్, కొలత బిళ్ళలు తెప్పిద్దాం. ప్రతి ముక్కనీ బిళ్ళతో సరిచూస్తే, దేన్ని దేనికి పెట్టినా పడుతుంది."

"నీకు పాలపళ్ళు ఊడకముందు నుంచీ నాకు ఈ బొటనవేలే కొలతరా."

"నీ వేలు గొప్పదే, కాదన్నానా? రెండు కార్లలో ఒకేసారి పెట్టలేవు గదా!"

అందరూ నవ్వారు. ఆన్సెల్మ్ కూడా నవ్వాడు. రోస్తాన్ మాత్రం నవ్వలేదు.

"రెండు కార్ల ముక్కలూ నువ్వే కుదుర్చు ఆన్సెల్మ్. వేరేవాడు తాకొద్దు. ఒకే చెయ్యి అయితే తేడా ఎక్కడిది?"

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది, ఆన్సెల్మ్‌కి మరీను. మూడు వారాలు వైస్ ముందు నుంచి కదల్లేదు. రెండు కార్లూ పూర్తయ్యాక, ఇంజను నడుస్తుండగా దాని మూత మీద నిండు వైన్ గ్లాసు పెడితే చుక్క తొణకలేదు. తన జీవితంలో అంత మంచి పని ఎప్పుడూ చెయ్యలేదని ఆ రాత్రి లియొనీతో అన్నాడు. అది నిజమే.

లియోన్‌లో, కంపెనీ ఆవరణలో, వానలో పరీక్ష జరిగింది. రోస్తాన్, ఆన్సెల్మ్‌లతో ఫిర్మేన్ కూడా వెళ్ళాడు. గ్యారేజీ పెద్ద బెలాంజె మర్యాదస్తుడు. రెండు కార్లూ విప్పించి, ముక్కలన్నీ టార్పాలిన్ మీద పరిపించి తన చేత్తోనే కలిపాడు. మొదటి పళ్ళచక్రం ఇరుసు మీద సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. రెండోది సులువుగా ఎక్కింది, కానీ ఎక్కాక లొడలొడలాడింది. మూడోది అసలు ఎక్కనేలేదు. రోస్తాన్ తల తిప్పుకున్నాడు.

"ఒక్క పావుగంట ఇప్పించండయ్యా," అన్నాడు ఆన్సెల్మ్. "ఆకురాయి వాడనివ్వండి. అన్నీ కుదురుస్తాను."

బెలాంజె చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఇంత నాజూకు పని నేనెక్కడా చూళ్ళేదండీ, ఒట్టు. కానీ రేపు బండి మొరాయిస్తే మా గ్యారేజీలో మీరుండరు గదా?"

"ఉంటానండీ."

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. డ్రైవర్లలో ఎవడో కిసుక్కుమన్నాడు.

తిరుగు రైల్లో ఫిర్మేన్ తన రొట్టెలో సగం విరిచి ఆన్సెల్మ్‌కి ఇచ్చాడు. అంతకన్నా తిట్టినా బాగుండేదనిపించింది ఆన్సెల్మ్‌కి. తేడా ఎంత? వెంట్రుకలో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ తేడా తన చేతిదే. ఇనుమంతా ఒక్కలా అరగదు, చెయ్యీ పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. అతను ప్రతి చక్రాన్నీ దాని ఇరుసుతోనే పోల్చాడు, చక్రాన్ని చక్రంతో ఏనాడూ పోల్చలేదు. ముప్పై ఐదేళ్ళ పనిలో ఆ ఆలోచన ఒక్కసారీ రాలేదు.

డిసెంబరు మొదట్లో వచ్చే లోహపు పనివాళ్ళ పండుగ, సెంట్ ఎలువా నాటికి షెడ్డుకి తాళం పడింది. ఆ ఏడు విందు లేదు. కలిసిపోయిన ముక్కల్ని ఎవరూ విడదీయలేదు, పాత ఇనుము కింద తూచి ఇచ్చేశారు.

జనవరిలో ఆన్సెల్మ్ ఒక పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. అక్కడి మేస్త్రీ కుర్రవాడే.

"ఏం పని చేసేవాడివి పెద్దాయనా?"

"ఫిట్టర్ని. గేర్ల పని."

"గంటకి ఎన్ని తీస్తావు?"

ఆన్సెల్మ్ నిజాయితీగా లెక్క వేశాడు. "రెండు గంటలకి ఒకటి. కానీ అది..."

"ఇక్కడ మిషన్ల మీద ఆడవాళ్ళు గంటకి నలభై తీస్తారు," అన్నాడు మేస్త్రీ. అందులో ఎగతాళి లేదు. అప్పటికే వెనకున్నవాణ్ణి ముందుకు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.