డెబ్బై రెండు పక్కన సున్నా

మా మామయ్య ముప్పై ఏళ్లు కుంచెతో బోర్డులు రాశాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన కూతురు, అంటే మా వదిన, తన డిజైన్ల షాపులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఏడాది పాటు వెనకే నిలబడి ప్రతి ఫైలూ చూసింది. ఆసుపత్రి బోర్డు వచ్చిన రోజున మాత్రం, "ఇది మొత్తం నీదే నాన్నా. ప్రింటుకు నువ్వే పంపు, నేను చూడను," అంది. ఇది గట్టెక్కితే ఇక ఆ కుర్చీ తనదేనని మామయ్య సంబరం. ఆ సంబరం చూస్తేనే నాకు భయం.

ఏ గదికి ఎటు వెళ్లాలో చెప్పే ఇరవై అడుగుల బోర్డు అది. జనం ముందు నిలబడి దగ్గర్నుంచి చదువుకుంటారు. మామూలు బోర్డులను అసలు కొలతతోనే గీస్తారు కనుక అంగుళానికి డెబ్బై రెండు చుక్కలు పెడితే సరిపోతుంది. ఇంత పెద్దదాన్ని పదో వంతు కొలతలో గీస్తారు. ప్రింటులో పదింతలు సాగుతుంది కాబట్టి ఇంకో సున్నా చేర్చి ఏడు వందల ఇరవై పెట్టాలి. మరిచిపోతే అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి.

ఫైలు పంపేసి మామయ్య మా ఇంటికి భోజనానికి వచ్చాడు. రెండో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"సున్నా పెట్టానా?" అన్నాడు.

"ఏ సున్నా మామయ్యా?"

"రోజూ డెబ్బై రెండే కొడతాను కదా. చేతికి అదే అలవాటు."

"పెట్టే ఉంటావులే. ముందు తిను."

"ఉంటావులే అంటే ఎలా? నాకు గుర్తు లేదంటుంటే."

ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. షాపు తాళాలు వదిన దగ్గర ఉన్నాయి. ఆవిడ ఎక్కడో కొలతలు తీసుకోవడానికి వెళ్లింది, ఫోను ఎత్తదు. ఎత్తినా ఏమని చెబుతాడు పాపం, మొదటిసారే మరిచిపోయానని చెబుతాడా? కాలుకాలిన పిల్లిలా వరండాలో తిరిగి తిరిగి చివరికి ప్రెస్సుకు ఫోన్ చేశాడు.

"బాబూ, ఆసుపత్రి బోర్డు ఆపెయ్."

"సగం వచ్చేసింది సార్. మధ్యలో ఆపితే అడ్డంగా గీత పడుతుంది."

"పడనీ. ఆపు."

ఇద్దరం పరుగున వెళ్లాం. మెషీన్ మీద సగం బోర్డు వేలాడుతోంది. అక్షరాల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. సున్నా పెట్టాడు మహానుభావుడు. ఆపిన చోట మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెల్లటి గీత. మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సిందేనన్నాడు మెషీన్ అతను.

ఈలోగా కొలతలు ముగించుకుని, ప్రెస్సు నుంచి కబురు అందుకుని వదిన వచ్చింది. "ఫైలు బాగానే ఉంది కదా నాన్నా. ఎందుకు ఆపించావు?"

"నమ్మకం కుదరలేదమ్మా."

ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని నాకనిపించింది. "ఇదే ఫైలు మళ్లీ కొట్టిద్దాం. రేపటి నుంచి కూడా నువ్వే పంపు," అంది.

మర్నాడు నేను షాపుకు వెళ్లేసరికి మామయ్య చిన్న బోర్డు ఒకటి సిద్ధం చేసి డెబ్బై రెండు కొట్టి కూర్చున్నాడు. వేలు మౌస్ మీదే ఉంది.

"అమ్మా, ఒకసారి చూడు."

"నువ్వు చూశావుగా నాన్నా."

"అయినా చూడు."

వదిన లేచి వెళ్లి చూసింది. "సరిగ్గానే ఉంది, పంపేయ్," అంది.

ఆయన నొక్కలేదు. కుర్చీలోంచి లేచి, "నువ్వు నొక్కు తల్లీ," అన్నాడు.