పగడాల మీదుగా

సికింద్రాబాద్ నుంచి మాల్దీవులకు వెళ్లిన నేనూ మా ఆవిడా నీటి మీంచి ఎగిరే చిన్న విమానం ఎక్కాం. పైలట్ కాళ్లకు చెప్పులే లేవు! పక్కన కూర్చున్న రిసార్ట్ ఉద్యోగిని షమీమా, కిటికీ పక్కనున్న మీ సీటు నాకిస్తారా అని నన్ను హిందీలో అడిగింది. పుట్టి పెరిగిన దీవిని పైనుంచి ఎన్నడూ చూడలేదట. సీటు ఇచ్చాను.

కింద నీలినీళ్లలో తెల్లటి దిబ్బ కనిపించింది. "ఎంత బాగుందో!" అన్నాను.

"అవి చచ్చిన పగడాలు. సముద్రం వేడెక్కింది. నేను ఈత నేర్చుకుంది అక్కడే," అంది షమీమా, చూపు తిప్పకుండా.

"గీ విమానం పొగతోని సుత గిట్లనే అయితది కదా?" అని మా ఆవిడ నన్నడిగింది.

రిసార్ట్ నుంచి తిరుగు ప్రయాణం పడవలో చేశాం. అలల ఊపుకు మా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. కాసేపటికి కళ్లు తెరిచి, నా చెయ్యి పట్టి లాగింది.

"అగో, చూడుండ్రి! చేపలు సుత ఎగురుతున్నయ్!"