గీసినవాడే చెరపాలి

కార్ల ఫ్యాక్టరీలో లువాన్ ఛున్‌షాన్ నేర్చుకున్న మొదటి పాఠం సున్నా. పంతొమ్మిదో ఏట తనిఖీ విభాగంలో బీ ఫెంగ్‌చిన్ దగ్గర శిష్యుడిగా చేరాడు. ఫ్యాక్టరీ అంతా మేస్త్రి అని పిలిచే ఆ మనిషి అతని చేతిలో సుద్దముక్క పెట్టింది.

"లోపం కనబడితే దాని చుట్టూ సున్నా చుట్టు, పక్కన నీ పేరు రాయి. సున్నా ఉన్న బండి గేటు దాటదు, జనరల్ మేనేజరొచ్చి కాళ్ళమీద పడ్డా సరే. చెరిపితే గీసినవాడే చెరపాలి. బుర్రకెక్కిందా?"

ఎక్కలేదు. మొదటి వారంలోనే ఫోర్‌మన్ కళ్ళెర్రజేస్తే జడుసుకుని తన సున్నా తనే చెరిపేశాడు. మేస్త్రి ఆ కారు తలుపు ఊడదీయించి, అతనిచేత పదకొండుసార్లు బిగింపించింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా లువాన్ ఎవరికో జడిసి సున్నా చెరిపింది లేదు. తనిఖీదారు వర్క్‌షాపు పెద్ద అయ్యాడు, వర్క్‌షాపు పెద్ద జనరల్ మేనేజరయ్యాడు. కోటు జేబులో మాత్రం సుద్దముక్క పోలేదు. జాతీయ దినానికి ముందురోజు వరసగా మూడొందల కార్లకు సున్నాలు చుట్టి ఆపేస్తే పైవాళ్ళు మండిపడ్డారు. మండితే మండనీ అన్నాడు.

యాభైనాలుగో ఏట నగరపాలనలోకి లాగి ఉపమేయర్‌ని చేశారు. మొహమ్మీద 'ఉప' అనేవాడు ఒక్కడూ లేడు, అందరూ దాన్ని మింగేసి "లువాన్ మేయరుగారూ" అనేవారు. రెండో వారంలో ఒక ఫైలు వచ్చింది. ఫ్యాక్టరీ శిక్షణ బడిని పడగొట్టి, అక్కడ కొత్త బ్యాటరీ కార్ల కంపెనీకి ప్రదర్శనశాల కట్టాలట. 'బడిలో విద్యార్థులు లేరు' అని రాశారు. పచ్చి అబద్ధం. డెబ్భైఆరేళ్ళ బీ మేస్త్రి ఇంకా అక్కడే నలభైఒక్కమందికి పాఠం చెబుతోంది. లువాన్‌కు ఒళ్ళు మండింది. ఆ వాక్యం చుట్టూ ఒక సున్నా, తప్పు పట్టింది తనేనని తెలిసేలా కింద అధికారుల పేర్ల వరసలో ఉన్న తన పేరు చుట్టూ ఇంకో సున్నా చుట్టి పంపాడు.

ఫ్యాక్టరీలో ఒప్పుకుంటే పూర్తి సంతకం పెడతారు. నగరపాలన భవనంలో అలా కాదు. పేరు చుట్టూ సున్నా చుడితే చదివాను, సరే అన్నట్టు. అతని తర్వాత ఆరుగురు అధికారులు చదవకుండానే చుట్టేశారు.

వారం తిరక్కుండా మేస్త్రి ఫోన్ చేసింది.

"ఒరే లువాన్, గేటు దగ్గర బుల్డోజరుంది. అడిగితే నీ సున్నా చూపిస్తున్నారు. నేను నేర్పింది ఇదేనట్రా?"

లువాన్ నేరుగా మేయర్ గెంగ్ గదికి వెళ్ళి, పొరపాటైంది, ఫైలు ఆపమన్నాడు.

మేయర్ టీ కప్పు మూత పక్కన పెట్టాడు. "మీది పొరపాటంటే, మీ వెనక చుట్టిన ఆరుగురూ చదవలేదనేగా! వచ్చే నెల మిమ్మల్ని పై పదవికి పంపాలనుకుంటున్నాం. కాస్త నోరు కట్టేసుకోండి, కుర్చీ ఉంటుంది."

"మరి బడి?"

"ఏ బడి? కాగితం మీద లేదుగా."

మెట్లు దిగుతుంటే లువాన్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఉన్నమాట చెప్పాలి. కుర్చీ అంటే అతనికీ తీపే. కానీ ఫోర్‌మన్‌కు జడిసిన రోజు గుర్తొచ్చి అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

బడి దగ్గర బుల్డోజర్ ఇంజను మోగుతూనే ఉంది. లువాన్ మంచులో నడిచి దాని ముందుకు వెళ్ళి, ఇనుప రేకు మీద ఇంత సున్నా గీసి పక్కన పేరు రాశాడు. డ్రైవర్ నియే ఆ బడిలో పని నేర్చుకున్నవాడే. సున్నా కేసి చూశాడు, లువాన్ కేసి చూశాడు, ఇంజను ఆపి కిందికి దిగాడు.

అరగంటలో మేయర్ వచ్చాడు. తన జేబురుమాలుతో తనే సున్నా తుడిచేశాడు.

"ఊఁ, నడుపు బండి!"

"గీసింది తమరు కాదు కదండీ," అన్నాడు నియే. తాళంచెవి దూది కోటు జేబులో వేసుకున్నాడు.

పకపకా నవ్వులు వినబడి మేయర్ తలెత్తాడు. లేరని రాసిన నలభైఒక్కమందీ కిటికీల్లో ఉన్నారు. మేస్త్రి వాళ్ళను గదమాయించలేదు, తనూ నవ్వింది. లువాన్ వంగి, తుడిచినచోటే మళ్ళీ సున్నా గీశాడు, ఈసారి ఇంకా పెద్దది.

అందరూ చూశాక దాచేదేముంది? నగరపాలన సమావేశంలో లువాన్, చదివి చుట్టినవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఆరుగురిలో ఒక్కరూ ఎత్తలేదు. ఫైలు వెనక్కి వచ్చింది. నెలాఖరుకు లువాన్ పదవికి సున్నా చుట్టారు. చుడితే చుట్టనీ. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బడి గంట మోగింది, అతను పాఠం చెప్పడానికి సుద్దముక్క పట్టుకుని లోపలికి నడిచాడు.

"ఆలస్యమైంది," అంది మేస్త్రి.