ఎర్రమన్ను పూసిన గోడ

మొన్న సాయంత్రం మా వీధిలోకి దోమల మందు పొగబండి వచ్చింది. ఎవరి తలుపులు వాళ్లు మూసుకున్నారే తప్ప, ఆ పొగలో ఏముందని బండిని ఆపి అడిగినవారు ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు. పొగ కమ్ముకుంటుంటే నాకు కొత్తగూడ అడవిపల్లెలోని ఒక అవ్వ గుర్తుకొచ్చింది.

అరవైతొమ్మిది ఉద్యమం చల్లారిన కొన్నాళ్లకు నాకు దొరికిన కొలువు, పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మలేరియా దోమలు చావడానికి గోడలకు డీడీటీ కొట్టించడం. అప్పటికే జనగామ సభల్లో మూఢనమ్మకాల మీద వాదించి నెగ్గడం మరిగినవాణ్ణి. ఆ పల్లెలో అందరూ ఒప్పుకున్నా ఈ అవ్వ మాత్రం గడపకు అడ్డంగా కూర్చుంది; లోపల నెలలు నిండుతున్న కోడలుంది.

“నిరుడు పక్కూర్ల గీ మందు కొడితే కోళ్లు సచ్చినయట. గోడకు కొడితే కోడెందుకు సస్తది సారూ?”

“కోళ్లకు గూడ దిష్టి తాకిందేమో అవ్వా,” అని నేను నవ్వాను. ఊరంతా నవ్వింది. ఆ ఊపులో పావుగంట ఉపన్యాసం దంచాను. ఆమె తల దించుకుని పక్కకు జరిగింది. గెలిచానన్న గర్వంలో, నీళ్లకుండల మీద మూతలు పెట్టమని గానీ, చచ్చిన పురుగులను ఊడ్చేదాకా కోళ్లను గంప కింద మూసిపెట్టమని గానీ, అలికితే మందు మరుగున పడి దోమ చావదు కాబట్టి కొన్ని నెలలు గోడలు అలకవద్దని గానీ నేను చెప్పనే లేదు.

మూడు వారాలకు జ్వరాలు చూసే పనిమీద మళ్లీ వెళ్లేసరికి, ఆ కోడలు గొంగడి కింద వణుకుతోంది, పిలిస్తే పలకడం లేదు. మందు కొట్టిన ఇంట్లో ఈ జ్వరమేమిటని గోడ వైపు చూశాను. మందు తాలూకు తెల్లటి మరకలు లేవు; ఎర్రమన్ను నున్నగా పూసి ఉంది.

మాత్ర వేయబోతే గుటక పడలేదు. అవ్వ కొడుకు బండి కట్టాడు. రోడ్డు దాకా ఎడ్లబండిలో, అక్కడి నుంచి బస్సులో మానుకోట దవాఖానకు చేరేదాకా అవ్వ కోడలి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉంది, నా ముఖం మాత్రం చూడలేదు. కోడలు బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

దవాఖాన మెట్ల మీద తెగించి అడిగాను, గోడ ఎందుకు అలికావని.

“గోడకింద ఏరుకతిన్న రెండు కోళ్లు సచ్చినయి. పుట్టేటి పోరన్ని గా గోడ పక్కకే పండవెట్టాలె గద. కోళ్లెందుకు సస్తయని నిన్ను ముందే అడిగితి బిడ్డా. నువ్వు నవ్వితివి.”

విషం గోడమీద ఉండటం వేరు, అది మేతలోకో కుండలోకో దిగి ఒంట్లో చేరడం వేరు, ఎంత చేరిందన్నది మరీ వేరు అన్న చదువు నాకుంది. కళ్లతో చూసి, పోల్చి, పుట్టబోయే ప్రాణానికి ఏది చేటో తూచుకున్న బుద్ధి ఆమెకుంది. ఆ రెండూ కలిసే దారిలో నా నవ్వు అడ్డం పడింది.

ఇప్పుడు దవాఖానలు దగ్గరయ్యాయి, ఆ జ్వరాలూ తగ్గాయి, గడపకు అడ్డంగా కూర్చునే అవ్వలూ పోయారు. మొన్న పొగబండి మలుపు తిరిగాక మా కోడలు పసివాణ్ణి ఎత్తుకుని కిటికీ తెరుస్తూ, ఈ పొగ పిల్లలకు ఏమీ చేయదు కదా అని అడిగింది. నేను నవ్వలేదు. తెలియదమ్మా, కనుక్కుని చెప్తానన్నాను.