డెక్కు కింద నీళ్ళు

వేసవిలో వేట ఆపేసిన రెండు నెలలూ మా ఊరి బోట్లన్నీ ఇసుక మీద దుంగలెక్కి కూర్చుంటాయి. వలలు అల్లుకునేవాళ్ళు, ఇంజన్లు విప్పుకునేవాళ్ళు, రంగులేసుకునేవాళ్ళు, ఎవరి బోటు దగ్గర వాళ్ళు. పోయినేడాది ఆ రెండు నెలలూ నేను మా బోటుకు ఒకే ఒక్క పని చేశాను. డెక్కు కింద అరను పొడిగా ఉంచడం.

మాది ముప్పై అడుగుల ఫైబర్ బోటు. వెనకవైపు, మనుషులు నిలబడే డెక్కు కింద, ఒక ఖాళీ అర ఉంటుంది. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు, లోతు రెండు. పైన ఒక మూత. ఆ అరలో గాలి తప్ప మరేమీ ఉండకూడదు. అప్పుడే బోటు వెనక భాగం తేలిగ్గా లేచి అలను దాటుతుంది. నీళ్ళు చేరితే బోటు బరువెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఒడ్డుకు వచ్చేటప్పుడు అలకు అడ్డం తిరుగుతుంది. మాది ఆ ఏడు రెండుసార్లు అడ్డం తిరిగింది. రెండోసారి నాన్న చుక్కాని వదలలేదు కాబట్టి సరిపోయింది.

వేట ఆగిన మొదటి వారంలోనే, అరలోకి నీళ్ళు రావడం ఆగకపోతే బోటు అమ్మేస్తానని నాన్న తేల్చేశాడు. దొరవారిసత్రం వైపు నుంచి ఒకాయన పాత బోటు కోసం తిరుగుతున్నాడు. ఆయనకు కావలసింది పులికాట్ సరస్సులో తిప్పుకోవడానికి. అక్కడ ఇంతింత అలలుండవు గనుక కాస్త బరువు బోటైనా పరవాలేదు.

"వేట తెరిచినాక ఒక్కసారి పోయొస్తా," అన్నాడు నాన్న. "ఒడ్డుకొచ్చినాక ఆయన ముందరే అర తెరుస్తా. పొడిగా ఉంటే నాది. తడిగా ఉంటే ఆయన తోలుకుపోతాడు. మాటిచ్చేసినా."

"తర్వాత నువ్వేం చేస్తావు?"

"ఎవురి బోటో ఒకటి ఎక్కుతా. వల లాగే చేతులకు పని దొరకదా?"

ఇరవై ఏళ్ళుగా సొంత బోటుకు చుక్కాని పట్టిన మనిషి. ఇంకొకరి బోటులో వల లాగుతానని అంత తేలిగ్గా అన్నాడంటే, ఆ మాటను లోపల చాలాసార్లు అనుకుని ఉంటాడు. "అర సంగతి నాకొదిలెయ్," అన్నాను.

నేను మెకానికల్ డిప్లొమా చేసి తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటల్లో నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చూసుకుంటాను. ఏ మోటారు ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది పుస్తకంలో రాసుకోవడం నా పని. బోటుకూ ఒక పుస్తకం పెట్టాను. మొదటి రోజు అరలోని నీళ్ళన్నీ తోడేశాను. రెండో రోజు అమ్మ పాత నూలు చీరలతో మూలమూలలూ తుడిచాను. మూడు రోజులు మూత తీసి ఎండబెట్టాను. వేలితో రాస్తే దుమ్ము అంటుకునేంత పొడిగా అయ్యాక మూత బిగించి, పుస్తకంలో 'పొడి' అని రాసి, కింద గీత కూడా గీశాను.

మర్నాడు ఉదయం ఆరింటికి మూత తీస్తే అరలో ఒక మూలకు చేరి రెండు వేళ్ళ లోతు నీళ్ళు.

బోటు ఇసుక మీద ఉంది. సముద్రం అరవై గజాల దూరంలో ఉంది. రాత్రి వాన లేదు. తోడి చూస్తే సరిగ్గా ఒక బకెట్టు వచ్చాయి. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు లేదు. నాన్న వల మీంచి తలెత్తి చూశాడు.

"ఎట్టుండాయి? పంచదార వేసేదా?"

నా అనుమానాలను వరుసగా రాసుకున్నాను. ఒకటి, మంచు. కానీ బకెట్టు మంచు ఒక్క బోటు మీదే కురవదు. రెండు, ఫైబర్ పొరల్లో ఇంకిన నీరు మెల్లగా ఊరడం. అదైతే ఉప్పగా ఉండాలి. మూడు, గాలిలోని తేమ చల్లబడి లోపల నీరవడం. నాకు ఇది బాగా నచ్చింది. కాలేజీలో చదివిన ఒక లెక్క కూడా గుర్తొచ్చింది. నాన్నకు పావుగంట చెప్పాను. ఆయన అంతా విని, "అంటే మన బోటుకు చెమట పడతాందంటావు," అన్నాడు.

నెల్లూరు నుంచి ఫైబర్ పని చేసే భాయ్‌ని పిలిపించాం. ఆయన వాళ్ళ నాన్నతో కలిసి కొయ్య పని నేర్చుకుని, తర్వాత ఫైబర్‌లోకి దిగిన మనిషి. మోపెడ్ మీద ఫైబర్ అతికించే రెసిన్ డబ్బా కట్టుకుని వచ్చాడు. రూపాయి బిళ్ళతో బోటు ఒళ్ళంతా టకటకా కొట్టుకుంటూ పోయాడు. లోపల పగులుంటే చప్పుడు బోలుగా వస్తుందట. గంటసేపు కొట్టి లేచాడు.

"యాడా బొక్క లేదు తమ్ముడూ. అడుగున పట్టీ ఉన్నకాడ మాత్రం నేను చెప్పలేను. దాని కింద రూపాయి మాట్లాడదు."

ఇసుకలో లాగేటప్పుడు అడుగు అరిగిపోకుండా బోటు కింద పొడవునా కొట్టిన కొయ్య పట్టీ అది. గట్టిగానే ఉంది, దాన్ని విప్పే అవసరం నాకు కనిపించలేదు. తప్పు మూతదే అయ్యుంటుందని నిర్ణయించాను. సైకిల్ ట్యూబు కోసి మూత చుట్టూ అంచు కట్టి, సిలికాన్ పూశాను. మూత ఎంత గట్టిగా కూర్చుందంటే, తీయడానికి నాకే రెండు చేతులు కావలసి వచ్చింది. మర్నాడు మళ్ళీ బకెట్టు నీళ్ళు.

ఇలా ఐదు వారాలు గడిచాయి. పుస్తకంలో రోజూ బకెట్టే. మధ్యలో రెండే రెండు రోజులు 'పొడి' అని ఉంది. ఆ రెండు రోజులూ పొడిగా ఉండే పడమటి గాలి వీచింది. నా తేమ లెక్కకు బలం దొరికిందని పొంగిపోయి గాలి దిక్కు కోసం ఇంకో గడి గీశాను. ఆ రెండు రోజులూ మా అవ్వ, అంటే నాన్న వాళ్ళమ్మ, ఇందుకూరుపేటలో మా మేనత్త ఇంట్లో ఉందన్న సంగతికి నా పుస్తకంలో గడి లేదు.

ఒకరోజు గుంటల దగ్గర కరెంటు పోయి సాయంత్రం నాలుగున్నరకే వచ్చేశాను. బోటులో మా అవ్వ నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి, కొంగు నడుముకు దోపుకుని, నేను కట్టిన రబ్బరు మూతను పక్కకు నెట్టి, ప్లాస్టిక్ బిందెను అరలోకి వంచుతోంది.

"అవ్వా! ఏం చేస్తాండావు?"

"కనపడలా? తడుపుతాండా."

"ఎందుకు?"

"ఎందుకేందిరా? ఇంత ఎండలో పెడితే పలకలు ఎండిపోయి సందులు విచ్చుకోవూ? మీ తాత నావ పైకి లాగిన ప్రతిసారీ నేనేగా తడిపింది. ఒక్క ఏడన్నా నీళ్ళు పట్టిందా ఆ నావ?"

"అవ్వా, ఇది ఫైబర్. దీనికి పలకలు లేవు."

"పలకలు లేకపోతే ఎండ లేదా?" అంది అవ్వ. "నువ్వేందో రబ్బరు పెట్టి మూత బిగించినావు. దాన్ని పెరకలేక నా రెక్కలు పడిపోతాండాయి."

నేను అరను ఎండబెట్టడం ముగించిన రోజు నుంచి, ప్రతి సాయంత్రం నాన్న టీకి, నేను గుంటలకు పోయిన వేళలో ఆమె వచ్చి తడిపి పోతోంది. చుట్టుపక్కల బోట్లవాళ్ళందరూ చూస్తూనే ఉన్నారు. నేను వాళ్ళనడగలేదు, వాళ్ళు నాకు చెప్పలేదు.

పుస్తకం తీసుకుని ఇసుకలో కూర్చున్నాను. వేట తెరవడానికి తొమ్మిది రోజులే ఉంది. సముద్రంలో అరలోకి నీళ్ళు ఎలా వస్తున్నాయో ఇంకా తెలియదు. అక్కడికి అవ్వ బిందె తెచ్చి పోయదు కదా. ఐదు వారాల లెక్క మొత్తం అవ్వ లెక్కే అని చెప్పి, నా పుస్తకం ఆమెకు చూపించాను.

"రోజూ బకెట్టు నీళ్ళు తోడినానవ్వా, నీ మూలంగా."

"బకెట్టా?" అవ్వ బిందె కింద పెట్టింది. "నేను మూడు బిందెలు పోస్తాండా. నీకు బకెట్టే దొరికితే మిగతాది ఎవురు తాగినారు?"

పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను. మూడు బిందెలంటే దాదాపు రెండున్నర బకెట్లు. పోసినది ఎంత, మిగిలినది ఎంత అన్నది డిప్లొమాలో మొదటి ఏడు చెప్పే లెక్క. లోపల పోసిన నీళ్ళు బయటికి పోతున్నాయంటే, బయటి నీళ్ళు లోపలికి వచ్చే దారి కూడా అదే.

వంగి బోటు కింద చూశాను. ఊరకుక్క ఒకటి అక్కడ చిన్న గుంట తవ్వుకుని పడుకుంది. రోజూ అక్కడే పడుకుంటుంది. నీడ కోసమనుకున్నాను. దాని పొట్ట కింది ఇసుకను తాకితే చల్లగా, తడిగా ఉంది. ఐదు వారాలుగా నాకు దొరకని చోటు అది మొదటి రోజే కనిపెట్టేసింది.

చుక్క సరిగ్గా ఎక్కడ పడుతుందో చూడాలంటే నీళ్ళకు రంగుండాలి. నీలిమందు తెస్తానన్నాను.

"నీలిమందెందుకు, పసుపు వెయ్," అంది అవ్వ. "కనపడతాది, మంచిది కూడానూ."

ఒక బిందెలో గుప్పెడు పసుపు కలిపాం. అవ్వ పైనుంచి పోసింది. నేను కుక్కను బతిమాలి పక్కకు జరిపి, బోటు కింద వెల్లకిలా పడుకుని ఫోన్ లైటు వేశాను. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కొయ్య పట్టీ అంచున పసుపు గీత ఒకటి మెరిసింది. అది చుక్కై, బరువెక్కి, నా నుదుటి మీద పడింది.

"దొరికింది!" అని అరుస్తూ బయటికి పాకాను.

అవ్వ నా మొహం చూసి పకపకా నవ్వింది. "పెళ్ళికొడుకువైనావు పోరా. పిల్లే తక్కువ."

మర్నాడు భాయ్ వచ్చి పట్టీ విప్పాడు. మూడు స్క్రూలు పట్టీని దాటి, ఫైబర్‌ను దాటి, అరకు అడుగుభాగంలో అతికించిన ప్లైవుడ్‌లో దిగి ఉన్నాయి. మొనలు ప్లైవుడ్‌లోనే ఆగిపోవడంతో లోపలినుంచి చూసినా ఏమీ కనిపించలేదు. ఒక స్క్రూ చుట్టూ జానెడు పగులు. భాయ్ స్క్రూను అరచేతిలో పెట్టుకుని నాన్న వైపు చూశాడు.

"ఈ పట్టీ ఎవరు కొట్టినారన్నా?"

"నేనే," అన్నాడు నాన్న, సముద్రం వైపు చూస్తూ. "పొడుగు స్క్రూలైతే గట్టిగుంటాయనుకున్నా."

"గట్టిగానే ఉండాయి. సముద్రానికి దారి కూడా గట్టిగానే వేసినాయి."

నాన్న ఆ రోజంతా ఎవరినీ ఎగతాళి చేయలేదు.

తడి ఉంటే రెసిన్ పట్టదు కాబట్టి రెండు రోజులు అరను ఎండబెట్టాలన్నాడు భాయ్. అవ్వకు ఇది నచ్చలేదు. "పగిలితే నన్నడగొద్దు," అని అలిగింది. చివరికి ఒప్పందం కుదిరింది. బోటు పక్కలు బయటినుంచి ఎంతైనా తడపొచ్చు, మూత మాత్రం ముట్టకూడదు. మూడో రోజు భాయ్ ఆ పగులును గీకి, లోపలా బయటా మూడేసి పొరలు గాజునార మ్యాట్ వేసి, రెసిన్ పట్టించాడు. పట్టీని ఈసారి పొట్టి స్క్రూలతో బిగించాడు. వాటి పొడవు నేను స్కేలు పెట్టి కొలిచాను. భాయ్ ఏమీ అనుకోలేదు.

వేట తెరిచిన రోజు నాన్నతో పాటు మరో ముగ్గురు తెల్లవారకముందే బయల్దేరారు. నేను సెలవు పెట్టి ఒడ్డున కూర్చున్నాను. దొరవారిసత్రం ఆయన పదింటికే ట్రాక్టరుతో సహా వచ్చి నా పక్కనే చతికిలపడ్డాడు. మంచి మనిషి, వేరుశనక్కాయలు పెట్టాడు. నేను తినలేకపోయాను.

పదకొండున్నరకు బోటు కనిపించింది. ఒడ్డు దగ్గర ఒక పెద్ద అల వెనకనుంచి లేచింది. వెనక భాగం తేలిగ్గా ఎగిరింది, బోటు అడ్డం తిరగకుండా నిటారుగా వచ్చి ఇసుకెక్కింది. అక్కడే నాకు తెలిసిపోయింది. కానీ మాట మాటే. నాన్న దిగి, తడిచేతులతో అర దగ్గరికి పోబోయి ఆగాడు.

"నా చేతులు తడిగుండాయి. నువ్వే చూడు అన్నా," అన్నాడు ఆయనతో.

ఆయన రెండు చేతులతో మూత లాగి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, మూలలన్నీ తడిమాడు. చెయ్యి బయటికి తీసి వేళ్ళు రుద్ది చూసుకున్నాడు. దుమ్ము.

"ఏందన్నా ఇది, బియ్యం పోసుకోవచ్చే ఇందులో! ఇట్టాంటిది నాకు రాకుండా పాయనే."

"తడిదే కదా నువ్వు అడిగింది," అన్నాడు నాన్న. "తడిది లేదు. చేపలుండాయి, తీసుకపో."

ఆయన నవ్వుతూ సంచి చాపాడు. నాన్న రెండు మంచి వంజరాలు ఏరి అందులో వేశాడు. తర్వాత వల దులుపుతున్న ముగ్గురి వైపు తిరిగి, బోటు ఓనరు గొంతు ఎత్తాడు.

"రేపు మూడున్నరకల్లా నీళ్ళలో ఉండాల. ఎవురు లేటైనా నేను ఆగను. చెప్తాండా!"