ఐదడుగుల టేపు

టెలివిజన్‌లో పనిచేసిన రోజుల్లో రెండంగుళాల వెడల్పు వీడియో టేపు చుట్టలు మోశాను. తర్వాత ముప్పావంగుళం క్యాసెట్టు వచ్చింది, ఆ తర్వాత అరంగుళం. కానీ నా చేతిలో పడ్డ మొదటి టేపు రేడియోది, పావంగుళం. అరవైల చివర్లో, అదీ తాత్కాలిక ఉద్యోగం. టేపుని బ్లేడుతో కోసి, అక్కర్లేని ముక్క పారేసి, రెండు కొసలూ అంటించడం నా పని. దగ్గులు, తడబాట్లు, కుర్చీ కిర్రుమనడాలు అన్నీ బుట్టలోకి పోయేవి. అతుకు తెలియకుండా అతకడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు తగలెయ్య!

మా అప్ప పాతపట్నం దగ్గర పల్లెలో ఉండేది. పెద్దక్కని మావైపు అప్ప అంటాం. ఉడుపుల పాట ఆవిడ ఎత్తుకుంటే మడిలో ఉన్నవాళ్లంతా నాట్లు వేస్తూనే అందుకునేవారు. బావ ఖరగ్‌పూర్‌లో రైల్వే పనికని వెళ్లి మూడేళ్లయింది. ఆయన వెళ్లేటప్పటికి వాళ్ల గుంట, అదే మా మేనకోడలు, నెలల పిల్ల. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. రైతుల కార్యక్రమానికి ఉడుపుల పాటలు కావాలంటే అప్పనే అడిగాను.

"సాల్లే, నానేటి, రేడియోల పాడ్డవేటి!" అని కొట్టిపారేసింది. కాసేపటికి తనే కదిపింది. "ఒరే, అది ఖరగ్‌పూరుల ఇనిపిస్తాదేటి?"

సాయంత్రాలు అక్కడి మనవాళ్లు మన రేడియో పెట్టుకుంటారట అన్నాను. మర్నాడే నాతో బయల్దేరింది. ఆఫీసులో మాత్రం మా ఊరావిడ అని చెప్పాను.

మొదటి పాట బెదురు లేకుండా పాడింది. రెండో పాట మధ్యలో ఆగి, మైకు దగ్గరగా వంగి, గొంతు తగ్గించి అంది: "ఏటయ్యా, ఇంటన్నావా? గుంటకి నీ మొకం తెల్దు. ఒక్కపాలొచ్చి సూసీసి ఎలిపో. నానేటీ అడగను." ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు పాట అందుకుంది.

సొంత కబుర్లు ప్రసారం చెయ్యకూడదన్న మాట నిజమే. కానీ నన్నెవరూ కొయ్యమనలేదు. పైవాళ్లు ఇంకా టేపు విననే లేదు. ఒక్కమాట అడిగి చూడొచ్చు, అడగలేదు. ఆ మాట వింటే ఎవరీవిడని ఆరా తీస్తారని, ఆవిడ మా అప్ప అని, ఆ యాస మా ఇంటిదని, మొగుడు పట్టించుకోని ఆడమనిషి మా ఇంట్లో ఉందని నలుగురికీ తెలుస్తుందని సిగ్గుపడ్డాను. ఎనిమిది సెకన్ల మాట, ఐదడుగుల టేపు. కోసి బుట్టలో పడేశాను. మళ్లీ వేసి వింటే పాట ఎక్కడా ఆగినట్టే లేదు.

ప్రసారమైన సాయంత్రం వాళ్ల ఊళ్లో పంచాయతీ రేడియోకి బ్యాటరీ అయిపోయింది. ఊరంతటికీ ఉన్నది అదొక్కటే కాబట్టి ఎవరూ వినలేదు. వారం తర్వాత నేను వెళితే, చెప్పులు విడవకముందే అడిగింది.

"అంతా వొచ్చిందేట్రా?"

"అంతా వచ్చిందప్పా" అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. ఆ తర్వాత నెలల తరబడి గుంటని చంకనేసుకుని బస్సు వేళకి రోడ్డు మీదికి పోయేదట. పక్కింటావిడ చెబితే తెలిసింది. వెళ్లిన ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనే వెళ్లేవాణ్ణి. చెప్పకుండానే తిరిగొచ్చేవాణ్ణి. పిరికివాణ్ణి, అంతకంటే మంచి మాట నాకు లేదు.

కోతలయ్యాక ఒకరోజు వెళ్లాను. అప్ప పెట్టె తీసి బావ చొక్కాలు నాలుగు, ఉతికి మడత పెట్టినవి, నా ఒళ్లో పెట్టింది. ఒకటి విప్పి నా భుజాలకి ఆనించి చూసింది.

"నీకు సరిపోతాయిరా, తొడుక్కో" అంది. కళ్లలో నీళ్లు లేవు. "మీ బావ ఇనీసినాడు. ఇనీ రానేదు. ఇనకపోతే ఇంకా సూసీదాన్ని. ఇనీసినాక ఇంకేటున్నాది?"

నేను చొక్కాలు తీసుకున్నాను.